తెల్లవారిన మూడు వందలు

మా వంటగదికిని వసారాకును నడుమనున్న గోడకు, క్యాలెండరు ప్రక్కన, దారముతో కట్టబడి వ్రేలాడుచున్న రెండు వందల పుటల రూళ్ల పుస్తకమొకటి కలదు. దానిని చూచిన చుట్టములు పాలవాని లెక్కయో చాకలి పద్దో అనుకొని విప్పి చూడరు. అది మా జమాఖర్చుల పుస్తకము. ఇరువది నెలలుగా ప్రతిరాత్రియు భోజనములైన పిదప, నేనో మా ఇల్లాలో, ఆనాటి వ్యయమును చిల్లరతో సహా అందు వ్రాయుచున్నాము. ఏబది దాటిన వయస్సున, అందును కళాశాలలో పిల్లలకు పాఠములు చెప్పుకొను ఉద్యోగమున నుండి, ఈ ఓనమాలు దిద్దుకొనవలసి వచ్చినందుకు సిగ్గుపడవలసినదే. కాని సిగ్గుపడుటతోనే ఇన్నేండ్లు గడచినవి గనుక, ఆ పని ఇక చాలునని తలచి ఈ వారము ఆ పుస్తకమును పాఠకుల ముందు విప్పుచున్నాను.

అప్పు చేసినది అమ్మాయి వివాహమునకు. ఈ వాక్యమును మన దేశమున ఎవరును ఎదురు ప్రశ్నింపరు. అదియే దానిలోని ప్రమాదము. కల్యాణమండపపు అద్దె, విడిది, రెండు పూటల విందు, ఎవరును మరల చూడని వీడియో, ఇవన్నియు తీరిన పిదప మాకు మిగిలిన బాకీలు మూడు. ఎరిగిన వ్యాపారి యొకని వద్ద ప్రామిసరీ నోటు వ్రాసి తెచ్చిన లక్ష, నూటికి రెండు వడ్డీకి. బంగారము రెండు ఖాతాలుగా తాకట్టు పెట్టి తెచ్చిన లక్షా యాబది వేలు, నూటికి రూపాయి వడ్డీకి. క్రెడిట్ కార్డు మీద, ఎప్పుడు ఎక్కినదో తెలియకుండ ఎక్కిన మరియొక లక్ష, నూటికి మూడున్నర వడ్డీకి.

వడ్డీని సంవత్సరమునకు గాక నెలకు చెప్పుట మన ప్రాంతపు ఆచారము. ఇరువది నాలుగు శాతమనిన గుండె ఝల్లుమను మనుష్యుడే, ‘రెండు రూపాయల వడ్డీ’ యనగానే అదియొక ఉపకారమైనట్లు తల యూపును. నోటునకు మూడేండ్ల గడువు. ఆ గడువు దాటిన దావా చెల్లదు గనుక, మూడవ యేడు నిండక మునుపే అప్పిచ్చినవాడు కబురు పంపును, మనము పోయి నోటు తిరిగి వ్రాసి యిత్తుము. లక్షకు మూడేండ్ల వడ్డీ 72,000. క్రొత్త నోటు 1,72,000కు. మరి మూడేండ్లు ఇట్లే గడచిన 2,95,840. బారు వడ్డీ యని చెప్పి తెచ్చినది, కలము ఒక్కమారు కదలినంత మాత్రమున చక్రవడ్డీ యగును. నేను ఒక తిరగవ్రాత వ్రాసియుంటిని. ఆ దినమున ఆ వ్యాపారి నాకు మంచి కాఫీ యిప్పించెను.

కార్డు మహిమ వేరు. నెలనెలా ఐదు వేలు, అనగా నూటికి ఐదు వంతున కనీసపు మొత్తము, తప్పక కట్టుచుంటిని గనుక నేను ఋణము తీర్చుకొనుచున్నానని నా నమ్మకము. ఒకనాటి రాత్రి కాగితము తీసి లెక్కవేయగా, ఆ ఐదు వేలలో వడ్డీ 3,500, ఆ వడ్డీపై నూటికి పదునెనిమిది చొప్పున పన్ను 630, అసలునకు చేరునది 870 రూపాయలు. వసిష్ఠుడు విధించినదని మనుస్మృతి పేర్కొను వడ్డీ నెలకు ఎనుబదియవ వంతు, అనగా ఏడాదికి నూటికి పదునైదు. ఒక్కసారిగా రాబట్టు వడ్డీ అసలును మించరాదని కూడ ఆ స్మృతియే శాసించినది. ఆ ఋషి నేటి కార్డు పత్రమును చూచియుండిన ఏమనియుండెడివాడో! మా తాతగారి కాలమున, 1938లో, మదరాసు రాజధానిలో రాజాజీ మంత్రివర్గము రైతుల ఋణభారమును తగ్గించు చట్టము చేసినది; పేరుకొన్న వడ్డీలు అందు కొట్టుపడినవి. పెండ్లి పందిళ్ల కొరకు అప్పుచేసిన అధ్యాపకుల కొరకు ఏ మంత్రివర్గమును అట్టి చట్టము చేయదు, చేయరాదు కూడ.

మూడు బాకీల వడ్డీలును, పన్నుతో సహా, కూడగా నెలకు 9,070 వచ్చినది. మేము నిద్రించుచున్నను, పండుగ చేసికొనుచున్నను, తెల్లవారిన మూడు వందలు.

ఆ లెక్క తేలిన మరునాడే నేను గృహయజమానికి సహజమైన గాంభీర్యముతో వంటగది గడపలో నిలిచి పొదుపు ప్రకటించితిని. కందిపప్పు నెలకు మూడు కిలోలు వలదు, రెండు చాలును, సన్నబియ్యము మాని దొడ్డుబియ్యము తెత్తము, నూనె తగ్గింపుము. పొదుపనగానే మగవాని చూపు మొదట పోపులపెట్టె మీదనే ఏల పడునో నాకు నేటికిని తెలియదు. ‘అప్పుచేసి పప్పుకూడు’ అను సామెత బోధించిన తప్పుత్రోవ ఇది కావచ్చును. ఆ సామెత పుట్టిన నాడు పప్పుకూడు వైభవము గాబోలు. మన అప్పులు పప్పునకు చేసినవి కావు గదా! అయినను శిక్ష దానికే పడినది. నెల తిరిగినది. పప్పు వలన మిగిలినది నూట యాబది రూపాయలు. ఒక నెల పలుచని పప్పు తిని మేము గెలిచినది, ఒక పూట పెరుగు వడ్డీ.

అంతకన్న ముఖ్యమైనది నేను ఆలస్యముగా గమనించితిని. పప్పు పలుచబడినది నా కంచములో కాదు. గరిటె అడుగునకు పోయి నాకును అబ్బాయికిని ముద్దపప్పు తెచ్చెడిది. పైతేట ఆమె కంచములోనికి పోయెడిది. ఇంటి పొదుపని మనము గొప్పగా చెప్పుకొనునది అనేక గృహములలో ఇల్లాలి కడుపు మీద వేయు పన్నే యని నా నిశ్చితాభిప్రాయము. ఒకనాటి రాత్రి ఈ మాటయే తడబడుచు ఆమెతో అనగా, ఆమె నవ్వి, “ఏవండీ, పప్పు సంగతి తరవాత చూద్దాం. ముందు ఒక నెల ఏమీ తగ్గించకండి. ఖర్చు పెట్టినదల్లా రాయండి. మీదీ, నాదీ, అబ్బాయిదీ. అబద్ధం రాయకూడదు, అంతే” అన్నది. మరునాటి ఉదయము పుస్తకము గోడ కెక్కినది.

ఏమియు తగ్గింపక వ్రాయుట మాత్రమే చేసిన ఆ నెల, నా జీవితమున నేను చేసిన కఠినవ్రతములలో మొదటిది. చేతిలోని నోటు ఇచ్చినపుడు వ్రేలికైనను తెలియును. ఫోను చూపి చెల్లించిన రూపాయి పోయినట్లే తోచదు. రాత్రి పుస్తకము ముందు కూర్చుండి ఫోనులోని పట్టికను చూచి వ్రాయునపుడు గాని దాని దహనసంస్కారము జరుగదు. కళాశాల విడిచిన పిమ్మట గోదావరి గట్టున ఇరువురు మిత్రులతో కాఫీ, పునుగులు: ఎనుబది రూపాయలు. ఒక్కనాటి పద్దు చూచిన ఇందేమున్నదనిపించును. నెల చివర కూడగా రెండు వేలు. ఆదివారమునాడు వంట శ్రమ తగ్గించు నెపమున ఫోనులో తెప్పించు బిరియానీ మొదలగునవి 1,600. శుభలేఖలు పంచుటకు వలయునని కొని, పెండ్లియైన పిదప ఇంటిముందు ఎండకు ఎండి వానకు తడియుచున్న పాత కారునకు, పెట్రోలు, మరమ్మతు, బీమా కలిపి నెలకు నాలుగు వేలు. ఈ మూడింటిలో రెండు నావి. వంటగదిపై నేను ప్రకటించిన యుద్ధము వీధిగదిలో ముగియవలసినదిగా ఉన్నది.

పుస్తకమునందలి మరియొక పద్దు పాఠకులలో పలువురకు స్వానుభవమే: చదివింపులు. ఆ నెల శ్రావణము. పెండ్లిళ్లు నాలుగు, గృహప్రవేశములు రెండు, ఒక బారసాల. ఏడాది సగటు చూచిన నెలకు మూడు వేలు. మా అమ్మాయి వివాహమునాడు ఎవరెవరు ఎంతెంత చదివించిరో వ్రాసిన పొడుగు పుస్తకమొకటి బీరువాలో కలదు, ప్రతి ఇంటనుండును. శుభలేఖ రాగానే ఆ పుస్తకము తీసి, వారు మనకు 516 చదివించిన, ఇంత కాలమైనది గనుక మనము 1,116 చదివింపవలెనని నిర్ణయింతుము. పత్రము లేదు, సాక్షులు లేరు, గడువు లేదు, అయినను వడ్డీ మాత్రము తప్పదు. ఏ న్యాయస్థానమును ఎరుగని ఈ ఋణమునకు కాలదోషము పట్టదు. దీనిని పూర్తిగ మానిన మనుష్యుడు సంఘమునుండి వెలియగును. యథాతథముగా సాగించిన నోటు తిరగవ్రాయవలసి వచ్చును. మేము చేసినది మధ్యేమార్గము. వారు ఎంత చదివించిరో అంతయే చదివింపవలెను, రూపాయి పెంచరాదు. వారు ఎన్నడును మన ఇంటికి రాని పిలుపులకు ఒకరమే పోయి అక్షతలు వేసి రావలెను. మొదటిమారు 516 రూపాయల కవరు చదివించునపుడు నా చేయి వణకెను. వ్రాసికొను పెద్దమనిషి తల యెత్తకయే “ఐదు వందల పదహారు” అని బిగ్గరగ చదివి మరియొక కవరు అందుకొనెను. నా పరువునకు నేను తప్ప వేరు ప్రేక్షకులు లేరని ఆ క్షణమున గ్రహించితిని. ఆ పద్దు వెయ్యికి దిగినది.

ఈ నాలుగింటిలో మిగిలినది నెలకు 9,600. కూరగాయలు రైతుబజారులో కొనుట, 1999లో అవి వెలసిన నాటినుండియు మా ఇంట ఉన్నదే గనుక అందు తగ్గినదేమియు లేదు. తగ్గింపరానివి కూడ కొన్ని ముందే పుస్తకపు అట్టపై వ్రాసికొంటిమి: ఇంటి కాఫీ, ఆమెకు మూర పూలు, దినపత్రిక, పనిమనిషి జీతము. తన అప్పు తీర్చుకొనుటకు పనిమనిషి జీతము కోయువాడు అప్పును తనకన్న బీదవారి నెత్తికి మార్చుచున్నాడే కాని తీర్చుట లేదు. ఈ విషయమున నాకు వాదము రుచింపదు.

ఇక ఏ బాకీ ముందు తీర్పవలెనన్న ప్రశ్న. చిన్నదానిని ముందు తీర్చిన మనస్సునకు ధైర్యము కలుగునని కొందరందురు, అందు సత్యమున్నది. మా ఇల్లాలు మాత్రము, “ముందు ఎక్కువ తినేదాని మేత ఆపండి” అన్నది. కారు అమ్మితిమి. లక్షా ముప్పదియైదు వేలు వచ్చినవి. లక్ష పెట్టి కార్డు తీర్చి, దానిని కత్తెరతో కత్తిరించితిని. తక్కిన ముప్పదియైదు వేలును వ్యాపారి కిచ్చి, నోటు వెనుక చెల్లు వేయించితిని. పాఠకులు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకొందురు గాక: నోటు మీద ఇచ్చిన ప్రతి రూపాయికి, ఎంత ఆప్తుడైనను, నోటు వెనుకనే తేదీతో చెల్లు పడవలెను, నోటిమాటగా ‘మన లెక్కలో వేసికొంటిని’ అన్నది లెక్క కాదు. ఆ దినమున ఆయన కాఫీ యిప్పింపలేదు. వడ్డీ కట్టువాడు అతిథి, అసలు కట్టువాడు నష్టము.

కార్డునకు పోవుచుండిన ఐదు వేలును, మిగిలిన 9,600 కలిపి నెలకు 14,600 నోటునకే పోయినది. బంగారమునకు వడ్డీ మాత్రము కట్టితిమి. కాగితము మీద పదకొండు నెలల పని. అబ్బాయి కళాశాల రుసుము ఒకమారు, మా అమ్మగారి కంటి శస్త్రచికిత్స ఒకమారు అడ్డుపడగా పదునాలుగు నెలలు పట్టినది. నడుమ మూడవ నెలలో నేను వ్రతభంగము చేసి గట్టున పునుగులు తిని పుస్తకములో ‘ఆటో’ అని వ్రాసితిని. నాలుగు దినములు అది నన్ను బాధింపగా కొట్టివేసి ‘పునుగులు’ అని దిద్దితిని. ఆ దిద్దుబాటు ప్రక్కన ఆమె ఏమియు వ్రాయలేదు గాని, మరునాటి సాయంకాలము ఇంటిలోనే పునుగులు వేసినది. మిత్రులిరువురును ఇప్పుడు వారమునకు రెండు దినములు మా వసారాలోనే కూర్చుండి కాఫీ త్రాగుచున్నారు. గోదావరి కనబడదు, అదొక్కటే లోటు.

నోటు చినిగిన దినమున ఆ ముక్కలు తెచ్చి పుస్తకములోనే అంటించితిని. పప్పు మూడు కిలోలకు మరల వచ్చినది. గరిటె అడుగు ఇప్పుడు ముగ్గురకును సమముగానే తిరుగుచున్నది, నేను చూచుచున్నాను. తరువాత నాలుగు నెలలలో తాకట్టు ఖాతాలలో చిన్నది, అరువది వేలది, తీర్చి ఆమె రెండుపేటల గొలుసు విడిపించి తెచ్చితిమి. గాజులు ఇంకను అక్కడనే ఉన్నవి. ఈ శనివారము రాత్రికి బాకీ తొంబది వేలు, వడ్డీ దినమునకు ముప్పది రూపాయలు.