నిప్పర్ విన్న పెట్టె

మా తాతయ్య దాన్ని గ్రామఫోను అనేవాడు కాదు, 'కుక్క బొమ్మ పెట్టె' అనేవాడు. హిజ్ మాస్టర్స్ వాయిస్ అన్న పేరు ఇంట్లో ఎవరికీ నోరు తిరగలేదు, తిరగాల్సిన అవసరమూ పడలేదు. తాతయ్య కీ ఇచ్చి, ముల్లు మార్చి, పద్యం ఎత్తుకునేలోపు, ప్లేటు మీద గిరగిరా తిరిగే ఆ కుక్క మొహం పట్టుకోవాలని నేను తల తిప్పేవాణ్ణి. ఒకసారి అడిగాను, 'తాతయ్యా, అది ఏం వింటోంది?' అని. 'వాళ్ల అయ్య మాట వింటోందిరా. నువ్వూ ఉన్నావు ఎందుకు!' అన్నాడు.

ఆ లేబుల్ బొమ్మకు మూలం ఒక తైలవర్ణ చిత్రమనీ, విక్టోరియా రాణి ఇంకా బతికుండగానే లండన్‌లో తయారైందనీ తెలిసేసరికి నాకు నలభై దాటాయి. అప్పటికి నేనూ ఆదివారాలు నూనె రంగులతో కుస్తీ పడుతున్నాను. మా ఇంటి కుక్క టైగర్ పోయిన ఏడాది దాని బొమ్మ వేద్దామని కూర్చున్నాను. అది తెల్ల కుక్క. తెలుపు ట్యూబు పిండి దట్టంగా పూశాను. సున్నం కొట్టిన పిట్టగోడలా వచ్చింది. రంగులు నేర్పిన మాస్టారు చూసి, 'తెల్ల కుక్కలో తెలుపు ఎక్కడుందయ్యా? పొట్ట కింద నీలం, చెవి దగ్గర గోధుమ, వీపు మీద బూడిద. తెలుపు చివర్లో రెండు చుక్కలు పెట్టు, చాలు' అన్నారు. లేబుల్ మీది ఆ కుక్క, నిప్పర్, కూడా పేరుకు తెల్లదే. పెద్ద ప్రింటులో దాని ఒంటి మీద అసలు తెలుపు ఎంత ఉందో వెతికి చూడండి, మాస్టారి మాట తెలుస్తుంది.

నిప్పర్ 1884లో బ్రిస్టల్‌లో పుట్టింది. టెర్రియర్ రక్తం కలిసిన సంకర జాతి. వచ్చిన వాళ్ల పిక్కలు పట్టేది కాబట్టి ఇంగ్లిష్‌లో 'కరిచేది' అని అర్థం వచ్చేలా ఆ పేరు పెట్టారు. దాని యజమాని మార్క్ బరాడ్ నాటకాలకు తెరలు వేసే చిత్రకారుడు, 1887లో పోయాడు. కుక్కను సోదరుడు ఫ్రాన్సిస్ బరాడ్ తెచ్చుకున్నాడు. ఇతనూ చిత్రకారుడే. 1895లో నిప్పర్ పోయింది. ఫ్రాన్సిస్ ఆ బొమ్మ వేసింది మరో మూడేళ్లకు. అంటే ఎదురుగా కుక్క లేదు. టైగర్ బొమ్మతో మూడు నెలలు అవస్థ పడినవాణ్ణి గనుక చెబుతున్నాను, ఫొటో దగ్గర పెట్టుకున్నా ఆ మెడ వాలు పట్టుకోవడం మాటలు కాదు. వేలెడు ఎక్కువ వాల్చితే నిద్రపోతున్నట్టుంటుంది, తక్కువ వాల్చితే బిస్కెట్ అడుగుతున్నట్టుంటుంది. వింటున్నట్టు ఉండే చోటు ఒక్కటే.

అసలు విశేషం కుక్కలో కాదు, పెట్టెలో ఉంది. ఫ్రాన్సిస్ మొదట వేసింది గ్రామఫోను కాదు, ఎడిసన్ తరహా ఫోనోగ్రాఫ్. ప్లేటుకు బదులు మైనపు గొట్టం తిరిగే యంత్రం, దానికో నల్లటి బూర. 1899 ఫిబ్రవరిలో బొమ్మను రిజిస్టరు చేయించుకున్నప్పుడు అందులో ఉన్నది అదే. రాయల్ అకాడమీ వాళ్లు తీసుకోలేదు. ఫోనోగ్రాఫులు అమ్మే కంపెనీ కూడా కుక్కలు ఇలాంటివి వినవని తిప్పి పంపిందట. నల్ల బూర మరీ దిగులుగా ఉంది, ఇత్తడి బూర వేస్తే బొమ్మకు కళ వస్తుందని ఎవరో సలహా ఇచ్చారు. ఇత్తడి బూర ఒకటి చూసి వేసుకుంటానని ఫ్రాన్సిస్ మెయిడెన్ లేన్‌లోని గ్రామఫోన్ కంపెనీ ఆఫీసుకు వెళ్లాడు. మేనేజరు విలియం బ్యారీ ఓవెన్ ఏకంగా బేరమే పెట్టాడు: బూర కాదు, పెట్టె మొత్తం మార్చి మా గ్రామఫోను వేయి, కొంటాం. బొమ్మకు 50 పౌన్లు, హక్కులకు 50 పౌన్లు. ఫ్రాన్సిస్ ఫోనోగ్రాఫ్ మీద రంగు పూసి, దాని మీదే గ్రామఫోను వేశాడు.

నూనె రంగుతో ఉన్న వెసులుబాటూ ఇదే, చిక్కూ ఇదే. నీటి రంగయితే తప్పు జరిగితే కాగితం చింపుకోవడమే. అవిసె నూనెలో కలిపిన రంగు ఆరాక దాని మీద ఎన్నిసార్లయినా వేసుకోవచ్చు. కాకపోతే కిందిది ఎక్కడికీ పోదు. టైగర్ పక్కన మొదట ఒక కుర్చీ కాలు వేసి, బాగోలేదని చెరిపేశాను, అంటే పైన నేల రంగు పూశాను. ఇప్పటికీ సాయంత్రం కిటికీలోంచి ఎండ ఏటవాలుగా పడితే ఆ కాలు ఉబ్బుగా కనిపిస్తుంది. నిప్పర్ బొమ్మదీ అదే కథ. తగిన వెలుతురులో చూస్తే గ్రామఫోను కింద పాత ఫోనోగ్రాఫ్ జాడ తెలుస్తుంది.

ఇక్కడే నాకో పేచీ ఉంది. మైనపు గొట్టం ఫోనోగ్రాఫ్‌లో ఇంట్లో కూర్చుని మన మాట మనమే పట్టుకోవచ్చు. గ్రామఫోనుకు ఆ విద్య లేదు, కొన్న ప్లేటు వినిపించడమే దాని పని. మరి బొమ్మకు 'హిజ్ మాస్టర్స్ వాయిస్', అంటే యజమాని గొంతు, అని పేరు పెట్టి, యజమాని గొంతు పట్టుకోగల యంత్రాన్ని తీసేస్తే ఎలా? వంద పౌన్ల కోసం బొమ్మలో అర్థాన్నే మార్చేశారు. పేరు మాత్రం అలాగే మిగిలింది. వ్యాపారం చేసినవాడికి ఇది పట్టదు, వినేవాడికీ పట్టలేదు. మా తాతయ్యకైతే అసలే పట్టలేదు. ఆయనకు 'అయ్య' అంటే పద్యం పాడుతున్న నటుడే.

పోయిన మార్క్ గొంతునే నిప్పర్ వింటోందని ఒక కథ ప్రచారంలో ఉంది. నేను నమ్మను. ఎడిసన్ బాగుచేసిన ఫోనోగ్రాఫ్ లండన్ చేరింది 1888లో, మార్క్ అప్పటికే లేడు. నిప్పర్ కూర్చున్నది మెరుగుబల్ల మీద కాదు, శవపేటిక మీద అని ఇంకో పుకారు. దీని మూలం మాత్రం ఊహించగలను. ఆ కాలం ఇంగ్లండువాళ్లకు కుక్కనూ చావునూ ఒకే బొమ్మలో చూడటం అలవాటు. రాణి మెచ్చిన ఎడ్విన్ ల్యాండ్‌సీర్ 1837లోనే ఒక ముసలి గొర్రెల కాపరి శవపేటిక మీద తల ఆనించిన కుక్కను వేశాడు. కళా విమర్శకుడు రస్కిన్ దాన్ని తెగ పొగిడాడు. ఆ బొమ్మ ఇప్పుడు లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. పనితనంలో ల్యాండ్‌సీర్ ముందు ఫ్రాన్సిస్ ఎందుకూ చాలడు. అయినా నా ఓటు ఫ్రాన్సిస్‌కే. ల్యాండ్‌సీర్ కుక్క మన తరఫున ఏడుస్తుంది. నిప్పర్ ఏడవదు. అర్థం కాక తల వాల్చి కూర్చుంటుంది, కుక్కలు చేసేది అదే.

కంపెనీ కోరిక మీద ఫ్రాన్సిస్ తర్వాత ఇదే బొమ్మకు 24 నకళ్లు తన చేత్తోనే వేశాడు. 1924లో పోయేదాకా ఆయన బతుకు చాలావరకు ఆ కుక్కతోనే గడిచింది.  పాత ఫోనోగ్రాఫ్ మాత్రం ఆ మొదటి కాన్వాస్ మీద, గ్రామఫోను కింద అలాగే ఉండిపోయింది.