‘టు’ పెట్టాలా, ‘ఇంగ్’ పెట్టాలా?

ఇంగ్లీషు పాఠాలు చెప్పడం నా వృత్తి. క్లాసులో మళ్ళీ మళ్ళీ ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: ఒక క్రియ పక్కన ఇంకో క్రియ వస్తే దానికి ‘టు’ పెట్టాలా, ‘ఇంగ్’ పెట్టాలా? ‘వాంట్’, ‘డిసైడ్’, ‘హోప్’ల పక్కన ఇన్ఫినిటివ్ (‘టు’ రూపం), ‘ఎంజాయ్’, ‘అవాయిడ్’, ‘ఫినిష్’ల పక్కన జెరండ్ (‘ఇంగ్’ రూపం) అని జాబితా రాయించి బట్టీ పట్టించడం మన దగ్గర ఆనవాయితీ. పరీక్షలో ఖాళీలు పూరించడానికి అది చాలు. ఇంటర్వ్యూలో నోరు విప్పినప్పుడు మాత్రం జాబితా తిరగేసే వ్యవధి ఉండదు.

దీనికి తోడు ‘డం’ అంటే ‘ఇంగ్’ అని చిన్నప్పుడే నేర్పేస్తాం. ఈత కొట్టడం స్విమ్మింగ్, చదవడం రీడింగ్. అక్కడివరకూ బాగానే ఉంటుంది. ‘తాళం వెయ్యడం గుర్తుపెట్టుకో’ అన్న మాట దగ్గర ఆ లెక్క తప్పుతుంది. ఇక్కడ కావలసింది ‘రిమెంబర్ టు లాక్’. ‘ఐ రిమెంబర్ లాకింగ్’ అంటే ‘తాళం వేసినట్టు గుర్తుంది’ అని. మొదటిదాంట్లో తాళం ఇంకా వెయ్యాలి, రెండోదాంట్లో వేసేశాం. ఈ తేడా తెలియని తెలుగువాడు లేడు. అది ఒక్క ‘డం’లో ఉండదు, వాక్యం మొత్తంలో ఉంటుంది. అందుకే నేను విద్యార్థి చేత ముందు తెలుగు వాక్యం పూర్తిగా చెప్పిస్తాను.

‘స్టాప్’ చూడండి. ‘స్టాప్డ్ స్మోకింగ్’ అంటే సిగరెట్ తాగడం మానేశాడు. ‘స్టాప్డ్ టు స్మోక్’ అంటే సిగరెట్ తాగడానికి ఆగాడు. ఇంగ్లీషులో క్రియ ఒక్కటే. మనకి మానడం వేరు, ఆగడం వేరు.

‘ట్రై’ ఇంకా ముచ్చటైనది. గది ఉక్కగా ఉంది. ‘ట్రై టు ఓపెన్ ద విండో’ అంటే ఆ కిటికీ బిగుసుకుపోయి ఉండొచ్చు, తెరవడానికి ప్రయత్నించు అని. ‘ట్రై ఓపెనింగ్ ద విండో’ అంటే కిటికీ తెరిచి చూడు అని. కిటికీ సులువుగానే తెరుచుకుంటుంది, ఉక్క తగ్గుతుందో లేదో తేలాలి. ఈ ‘తెరిచి చూడు’, ‘చేసి చూడు’ అన్న వాడుక రోజూ మన నోట్లో ఆడేదే. అది గుర్తుచేస్తే చాలు, పిల్లలు ఇక తడబడరు.

ఈ ‘టు’కి అసలు అర్థం ‘వైపు’. పాత ఇంగ్లీషులో దాని వెనక వచ్చే క్రియ మన ‘కి’, ‘కు’ లాంటి ప్రత్యయం కూడా తగిలించుకునేది. అందుకే ఇన్ఫినిటివ్ చూపు ఎక్కువగా చేయబోయే పని మీద ఉంటుంది. జెరండ్ చేసిన పనినో, చేస్తున్న పనినో ఒక విషయంగా పట్టుకుంటుంది.

అయితే ప్రతి ‘టు’ వెనకా ఇన్ఫినిటివ్ రాదు. ఉద్యోగ దరఖాస్తుల చివర ‘లుక్ ఫార్వర్డ్ టు మీట్ యు’ అని రాస్తుంటారు. అక్కడి ‘టు’ మామూలు ప్రిపొజిషన్, కాబట్టి ‘మీటింగ్ యు’ అనాలి. క్రియ తీసేసి నామవాచకం పెట్టి చూస్తే గుట్టు తెలుస్తుంది. ‘లుక్ ఫార్వర్డ్ టు యువర్ లెటర్’ అతుకుతుంది, ‘వాంట్ టు యువర్ లెటర్’ అతకదు. ‘యూజ్డ్ టు’లోనూ ఇదే తేడా: ‘ఐ యూజ్డ్ టు గెటప్ ఎర్లీ’ అంటే పెందలాడే లేచేవాణ్ణి, ‘ఐ యామ్ యూజ్డ్ టు గెటింగ్ అప్ ఎర్లీ’ అంటే పెందలాడే లేవడం నాకు అలవాటే.

చేయబోయే పనికి ‘టు’, చేసిన పనికి ‘ఇంగ్’ అన్న సూత్రం అన్నిచోట్లా నిలవదు. ‘సజెస్ట్’ జరగబోయే పని గురించే చెప్తుంది, అయినా ‘ఇంగ్’నే కోరుతుంది. అలాంటి చోట నిఘంటువే శరణ్యం. జపాన్‌లో ఇంగ్లీషు బోధించిన ఎ.ఎస్. హార్న్‌బీ ఈ అవస్థను దగ్గరగా చూసినవాడు. ఏ క్రియ పక్కన ఏ నిర్మాణం వస్తుందో చూపే నిఘంటువును సహచరులతో కలిసి తయారుచేశాడు. 1942లో టోక్యోలో వెలువడిన ఆ పుస్తకమే ఇవాళ్టి ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీకి మూలం. అర్థం చూసి మూసేయకుండా అందులోని ఉదాహరణ వాక్యాలు పైకి చదవమని పిల్లలకు చెప్తాను. చెవికి అలవాటైన వాక్యం అవసరానికి నోట్లోకి వస్తుంది.

తెలుగు మీడియంలో చదివిన పిల్లలు తమ తెలుగే ఇంగ్లీషుకు అడ్డమని నమ్ముతూ క్లాసుకు వస్తారు. ఆ నమ్మకం పోగొట్టడం వ్యాకరణం నేర్పడం కన్నా ముందు చేయాల్సిన పని. ‘వేసినట్టు గుర్తుంది’, ‘వెయ్యడం గుర్తుపెట్టుకో’ అన్న రెండు మాటలకి తేడా తెలిసిన పిల్లకి ఈ పాఠంలో సగం ముందే వచ్చు. మిగతా సగం నేర్పడం ఉపాధ్యాయుల బాధ్యత.