గురి తప్పిన సుత్తి దెబ్బ

యంత్రాలు రాకముందు నాణెం పోతతోనో సుత్తి దెబ్బతోనో తయారయ్యేది. కృష్ణా డెల్టాలో నాణేల వాడకం ఎంత పాతదో భట్టిప్రోలు చెబుతుంది. తెనాలి–రేపల్లె రైలు దారిలోని ఆ ఊరి స్తూపాన్ని 1892లో అలెగ్జాండర్ రే తవ్వించినప్పుడు ధాతుపేటికల్లో బంగారు పూలు, పూసలతో పాటు స్వస్తికాకారంలో పేర్చిన చిన్న వెండి నాణేలు కూడా దొరికాయి.

మన దేశపు తొలి నాణేలు విద్ధాంక నాణేలు. అమరావతిలో వాటి రాశి ఒకటి బయటపడింది. వెండి రేకును ముక్కలు చేసి, సుమారు 3.4 గ్రాముల తూకం వచ్చేదాకా మూలలు కత్తిరించేవారు. ఆపైన సూర్యుడు, చెట్టు, కొండ వంటి గుర్తులను ఒక్కొక్కటిగా వేరువేరు ముద్రలతో కొట్టేవారు. అందుకే ఒక గుర్తు మీద మరొకటి ఎక్కడం, సగం గుర్తు అంచు దాటిపోవడం వీటిలో మామూలే. విలువ తూకానిది కాబట్టి ముద్ర వంకరపోయినా చెల్లుబాటుకు అడ్డు లేదు.

శాతవాహనుల నాటికి బొమ్మకూ బొరుసుకూ ఒక్కో అచ్చు చాలింది. చెక్కేవాడు బొమ్మను లోతుగా, అక్షరాలను కుడి ఎడమల తిరగేసి చెక్కాలి. ఏమరుపాటున ఒక అక్షరం తిన్నగా చెక్కితే, ఆ అచ్చుతో కొట్టిన ప్రతి నాణెం మీదా అది అద్దపు రాతలాగే పడుతుంది. కింది అచ్చును దిమ్మలో బిగించి, దాని మీద లోహపు బిళ్ళ పెట్టి, పై అచ్చును చేత్తో నిలబెట్టి సుత్తితో కొట్టాలి. వెండి బిళ్ళను ముందుగా కాల్చి మెత్తబరచుకోవాలి. 327 డిగ్రీలకే కరిగే సీసానికి అంత శ్రమ అక్కరలేదు. శాతవాహనులు సీసపు నాణేలు విరివిగా వేశారు. దెబ్బంతా పై అచ్చు మీదే పడేది కనుక సాధారణంగా అదే ముందు అరిగేది, పగిలేది.

దోషాలన్నీ ఈ పని తీరులోంచే పుట్టాయి. బిళ్ళ పక్కకు జరిగితే బొమ్మ సగమే పడుతుంది. మొదటి దెబ్బకు కదిలిన బిళ్ళను మళ్లీ కొడితే ఏనుగుకు రెండు తొండాలు వస్తాయి. అచ్చు చీలితే ఆ చీలికలోకి లోహం చొరబడి నాణెం మీద ఉబ్బెత్తు గీతగా నిలుస్తుంది. అన్నిటికన్నా చిత్రమైనది మరొకటి. కొట్టిన నాణెం పై అచ్చుకే అతుక్కుపోయి, పనివాడు అది చూసుకోకుండా కొత్త బిళ్ళ పెట్టి కొడితే, అతుక్కున్న నాణెమే అచ్చు పని చేస్తుంది. కొత్త దాని మీద ఒకవైపు బొమ్మ సరిగా, రెండోవైపు అదే బొమ్మ గుంటగా, తిరగబడి పడుతుంది.

పాత నాణెం మీదే కొత్త ముద్ర కొట్టడం మాత్రం దోషం కాదు, రాజకీయం. నాసిక్ దగ్గర జోగల్తెంబిలో 1906లో దొరికిన 13 వేలకు పైగా క్షత్రప రాజు నహపానుడి వెండి నాణేల్లో అధిక భాగం మీద శాతవాహన రాజు గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్ర వేయించాడు. కింద పూర్తిగా చెరగని నహపానుడి ముఖమే ఎవరు ఎవరిని గెలిచారో చెబుతుంది.

కోరమాండల్ తీరంలో దొరికే శాతవాహనుల సీసపు ఓడ నాణేల విషయంలో ఈ వంకరలే పనికొచ్చాయి. ఒకవైపు రెండు తెరచాప కొయ్యల ఓడ, మరోవైపు ఉజ్జయినీ చిహ్నం ఉండే వీటిలో అచ్చులోని రాత మొత్తం పట్టిన నాణెం అరుదు. ఒకదానిపై రాత మొదలు, ఇంకోదానిపై చివర మిగిలితే, రెండూ కలిపి రాజు పేరు చదవాలి. ఎటూ సరిగా పడని నాణేన్ని పారేసే సేకర్తలు ఈ సంగతి మరిచిపోతుంటారు.

11వ శతాబ్దంలో రాజమహేంద్రవరం నుంచి ఏలిన రాజరాజ నరేంద్రుడి పల్చని బంగారు నాణేలు మళ్లీ పాత పద్ధతికే వెళ్లాయి. నడుమ వరాహం, చుట్టూ అక్షరాలు, పాలనా సంవత్సరం, అన్నీ వేరువేరు ముద్రలతో కొట్టినవే. అక్షరాల ఎడం ఒకచోట బిగువుగా, మరోచోట వదులుగా ఉండటానికి కారణం అదే.

నకిలీని పట్టడంలోనూ దోషమే సాక్షి. అచ్చు చీలిక ఎన్ని నాణేల మీదైనా ఒకే చోట రావచ్చు. బిళ్ళ జరిగిన తీరు, అంచు చిట్లిన తీరు మాత్రం ఏ రెండింటికీ కలవవు. ఒకే వంకర, ఒకే చిట్లుతో రెండు నాణేలు కనబడితే, కనీసం ఒకటి మూసలో పోసిన నకలే.