తీగముక్కతో పాఠం చెప్పిన అడ్మిరల్

గ్రేస్ హాపర్ ఉపన్యాసం విని బయటికొచ్చే శ్రోత చేతిలో తరచు ఒక టెలిఫోను తీగముక్క ఉండేది. పొడవు 11.8 అంగుళాలు, అంటే అడుగుకు పిసరు తక్కువ. సెకనును వంద కోట్ల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క నానోసెకను. ఆ కాస్త వ్యవధిలో వెలుతురు ఎంత పరుగెత్తినా ఆ తీగ కొస దాటి పోలేదు. డెబ్బై ఏళ్లు పైబడ్డాక కూడా ఈ బక్కపలచని మనిషి అమెరికా నౌకాదళ యూనిఫాం వేసుకుని, అలాంటి ముక్కల కట్ట ఒకటి వెంటబెట్టుకుని ఊరూరా తిరిగి కంప్యూటర్ల గురించి మాట్లాడారు.

మిలిటరీలో పనిచేసి సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చినవాళ్లు, వచ్చి వేదికలెక్కి చెప్పేవాళ్లు ఇవాళ అమెరికాలో వింతేమీ కాదు. కొలువు, కోడు, ప్రసంగం మూడింటినీ ఒకే జీవితంలో నాలుగు దశాబ్దాలపాటు నడిపిన హాపర్ వాళ్లందరికీ పెద్దక్క లాంటివారు. ఆమె బిరుదుల జాబితా ఎక్కడైనా దొరుకుతుంది. పనితనం మాత్రం దగ్గర కూర్చుని చూస్తేనే తెలుస్తుంది. ఆమె కోడులోనూ ఉపన్యాసంలోనూ కనిపించే పద్ధతి ఒక్కటే: కష్టమైనదాన్ని దాచరు, పలచన చేసి చెప్పరు, దాన్ని మోయగలిగిన చోటికి మార్చి పెడతారు.

1906లో న్యూయార్క్‌లో పుట్టిన హాపర్ 1934లో యేల్‌లో గణితంలో డాక్టరేట్ తీసుకున్నారు. వాసర్ కాలేజీలో పాఠాలు చెబుతుండగా యుద్ధం వచ్చింది. నౌకాదళంలో చేరబోతే వయసు మీరిందన్నారు, ఉండాల్సిన బరువుకు 15 పౌన్లు తక్కువన్నారు. పట్టుబట్టి మినహాయింపు తెచ్చుకుని 1943 డిసెంబరులో రిజర్వు దళంలో చేరారు. శిక్షణలో తన బ్యాచ్‌కి ఫస్టు వచ్చి, 1944లో జూనియర్ గ్రేడ్ లెఫ్టినెంట్‌గా హార్వర్డ్‌లో హోవర్డ్ ఐకెన్ దగ్గరికి వెళ్లారు. అక్కడ మార్క్ వన్ యంత్రం ఉండేది. 51 అడుగుల పొడవు, 8 అడుగుల ఎత్తు. రంధ్రాలు కొట్టిన కాగితపు టేపు చెప్పినట్టు లెక్కలు చేసేది. దీనికో పుస్తకం రాయాలని ఐకెన్ ఆజ్ఞాపిస్తే, పుస్తకాలు రాయడం నాకు రాదన్నారట హాపర్. నువ్విప్పుడు నేవీలో ఉన్నావని ఆయన గుర్తు చేశాడు. 1946లో అచ్చయిన ఆ మాన్యువల్ ఐదు వందల పేజీలు దాటింది.

మార్క్ వన్ దగ్గర పనిచేసేవాళ్లకు తలా ఒక నోటు పుస్తకం ఉండేది. బాగా నడిచిన లెక్కల ముక్కలను అందులో రాసి పెట్టుకునేవారు. హాపర్‌కు సైన్ విలువ కట్టాల్సి వస్తే సహోద్యోగి రిచర్డ్ బ్లాక్ పుస్తకం అడిగి అందులోని అలాంటి ముక్కను, అంటే సబ్‌రొటీన్‌ను ఎక్కించుకునేవారు. అక్కడే రెండు చిక్కులు వచ్చేవి. ప్రతి సబ్‌రొటీనూ సున్నాతో మొదలవుతుంది కాబట్టి, కొత్త ప్రోగ్రాములో అది కూర్చునే చోటును బట్టి చిరునామాలన్నిటికీ ఒక అంకె కూడుకుంటూ పోవాలి. కూడికల్లో తప్పులు దొర్లేవి. ఇక చూసి రాయడంలో 4 కాస్తా ఖాళీని సూచించే డెల్టా గుర్తు అయిపోయేది, బి అక్షరం 13 అయ్యేది. ఇంత చదువుకున్నవాళ్లు కూడికలోనూ నకలులోనూ తప్పుతున్నారంటే, అవి మనుషులకు అప్పగించాల్సిన పనులు కావని హాపర్‌కు అర్థమైంది. కూడడానికీ, నకలు తీయడానికీ పుట్టిన యంత్రం ఎదురుగానే ఉంది.

1949లో ఆమె ఫిలడెల్ఫియాలోని ఎకర్ట్-మాక్లీ కంపెనీలో చేరారు. అక్కడ యునివాక్ తయారవుతోంది. దాని మీద 1952 నాటికి ఏ-జీరో అనే కంపైలర్‌ను నడిపించారు. సబ్‌రొటీన్లకు నంబర్లు ఇచ్చి టేపు మీద ఉంచారు. ప్రోగ్రామర్ కావలసిన నంబర్లు వరసగా రాసిస్తే చాలు, యంత్రమే వాటిని వెతికి తెచ్చి, చిరునామాలు సవరించి, పూర్తి ప్రోగ్రాముగా కూర్చేది. ఆ ఏడాది మే నెలలో పిట్స్‌బర్గ్‌లో ఆమె చదివిన పత్రం, ప్రోగ్రాములు కూర్చే పనిలో కంప్యూటరుకే చదువు చెప్పడం గురించి.

ఏ-జీరో లోపల ఒక చిన్న చిక్కు ఉంది. దాని పరిష్కారం చూస్తే హాపర్ నేర్పు తెలుస్తుంది. యునివాక్ మెమరీలో పట్టేది వెయ్యి పదాలు, పదానికి 12 అక్షరాలు. ఆ ఇరుకులో కంపైలర్ ఒకే విడతలో, వెనక్కి తిరిగి చూడకుండా, సబ్‌రొటీన్లను ఒకదాని తర్వాత ఒకటి పేర్చుకుంటూ పోవాలి. ప్రోగ్రాములో ఎక్కడైనా వెనక్కి గెంతాల్సి వస్తే బాధ లేదు. ఆ చోటు ముందే పేర్చారు, చిరునామా తెలుసు. ముందుకు గెంతాల్సి వస్తేనే తంటా. ఇంకా రాని సబ్‌రొటీన్ ఎక్కడ కూర్చుంటుందో అప్పటికి ఎవరికీ తెలియదు.

హాపర్ కాలేజీలో బాస్కెట్‌బాల్ ఆడారు. ఆనాటి ఆడపిల్లల ఆటలో బంతిని ఒక్కసారే నేలకు కొట్టనిచ్చేవారు, బంతి చేతిలో ఉండగా అడుగు వేయనిచ్చేవారు కాదు. బుట్ట దగ్గరికి చేరాలంటే బంతిని జట్టులో ఇంకొకరికి విసిరి, తాను ముందుకు పరుగెత్తి, మళ్లీ అందుకోవాలి. కంపైలర్‌లోనూ ఆమె అదే చేశారు. మెమరీ చివర కాస్త చోటు విడిచిపెట్టి దానికి న్యూట్రల్ కార్నర్ అని పేరు పెట్టారు. ముందుకు గెంతాల్సిన ప్రోగ్రాము మొదట ఆ మూలకు గెంతుతుంది. ఫలానా సబ్‌రొటీన్‌కు ఇక్కడ ఒక కబురు ఉందని కంపైలర్ గుర్తు పెట్టుకుంటుంది. దాని వంతు వచ్చి, చోటు ఖాయమయ్యాక, తనకేమైనా కబురుందా అని చూసి, ఆ మూల నుంచి అసలు చోటికి రెండో గెంతు రాస్తుంది. ఒక్క గెంతు రెండయింది, ఖర్చు అంతే. టేపును మళ్లీ మొదటి నుంచి చదవాల్సిన పని తప్పింది. తెలియని చిరునామాను తెలిసేదాకా వాయిదా వేసి, తెలియగానే పూరించే ఈ ఆలోచన ఇవాళ్టి కంపైలర్లలో మామూలు పాఠం.

తర్వాతి మెట్టు భాష. జీతాలు, సరుకు లెక్కలు చూసే గుమాస్తాలకు గణిత సంకేతాలు ఇస్తే పని జరగదని ఆమెకు తెలుసు. వాళ్లకు మాటలు కావాలి. ఇంగ్లీషు వాక్యాల్లాంటి ఆజ్ఞలతో నడిచే చిన్న నమూనా తయారుచేశారు. యంత్రానికి మాట అంటే ఒక గుర్తు మాత్రమేనని చూపించడానికి, అదే ప్రోగ్రామును ఫ్రెంచిలోనూ జర్మన్‌లోనూ రాసి నడిపించారు. చూసిన పైఅధికారులు ముచ్చటపడలేదు సరికదా, హడలిపోయారు. ఫిలడెల్ఫియాలో తయారైన అమెరికన్ కంప్యూటరుకు ఫ్రెంచి ఎలా వస్తుందన్నారు! ఇంగ్లీషు తప్ప ఇంకో భాష వాడబోమని వాళ్లకు నచ్చజెప్పుకోవాల్సి వచ్చిందని హాపర్ తర్వాత సభల్లో చెప్పి నవ్వించేవారు. సాంకేతికంగా ఆ ప్రదర్శనలో వేలెత్తి చూపేందుకు ఏమీ లేదు. ఎదుటివాడి చేతికి ఏదైనా అందేదాకా రుజువు రుజువు కాదన్న సంగతి మాత్రం అందులో స్పష్టంగా కనిపిస్తుంది.

ఆ నమూనా ఫ్లో-మాటిక్‌గా ఎదిగింది. 1959 మే నెలలో పెంటగాన్‌లో జరిగిన సమావేశంతో మొదలైన ఉమ్మడి భాష కోబాల్‌కు ఫ్లో-మాటిక్ పెద్ద ఆధారమైంది. 1960 డిసెంబరులో ఒకే కోబాల్ ప్రోగ్రామును ఆర్‌సీఏ, యునివాక్ కంపెనీల రెండు వేర్వేరు యంత్రాల మీద నడిపి చూపించారు.

లెక్కలో లేనిది ఆమె ఖాతాలో వేయనక్కర్లేదు. కోబాల్‌ను ఆమె ఒక్కరే రాయలేదు. జీన్ సామెట్ వంటివాళ్లున్న కమిటీ కూర్చుని రూపొందించింది, హాపర్ సలహాదారు. ఇవాళ్టి అర్థంలో చూస్తే ఏ-జీరో కంపైలర్ కంటే, విడి ముక్కలను ఒక ప్రోగ్రాముగా కలిపే లింకర్‌కు దగ్గర. 1947లో మార్క్ వన్ తర్వాతి యంత్రం మార్క్ టూ రిలేలో ఇరుక్కుని, కంప్యూటర్ ‘బగ్’ కథగా పేరుపడ్డ చిమ్మట పురుగును పట్టింది ఆమె కాదు, ఆ కథను ఊరూరా వినిపించింది ఆమె. ఇవన్నీ తీసేసినా మిగిలేది తక్కువేం కాదు.

1966 చివర, అరవై ఏళ్ల వయసులో నౌకాదళం ఆమెను కమాండర్ హోదాలో రిటైరు చేసింది. ఏడాది తిరక్కుండానే, 1967 ఆగస్టులో, ఆరు నెలల పనికి వెనక్కి పిలిచింది. ఆ ఆరు నెలలు పంతొమ్మిదేళ్లు సాగాయి. పని ఏమిటంటే, కోబాల్ పేరుతో ఒక్కో కంపెనీ ఒక్కో రకం కంపైలర్ అమ్ముతోంది, ఒకదాని మీద నడిచిన ప్రోగ్రాము ఇంకోదాని మీద తప్పుతోంది. ఏది ప్రమాణానికి కట్టుబడిందో తేల్చే పరీక్షా ప్రోగ్రాములను హాపర్ బృందం రాసింది. పైకి కనబడని చాకిరీ ఇది. కానీ కంపెనీ చెప్పిందే నమ్మాల్సిన గతి కొనుగోలుదారుకు తప్పింది.

వేదిక మీద హాపర్ అసలు వైభవం ఆ పంతొమ్మిదేళ్లలోనే కనబడుతుంది. తీగ పాఠం ఎలా కట్టారో చూడండి. నానోసెకను అన్న మాట విన్నప్పుడు తనకే అది ఊహకు అందలేదని మొదలుపెడతారు. అందుకని ఇంజినీర్లకు కబురు పెట్టారట, నాకొక నానోసెకను కోసి పంపండని. అప్పుడు తీగ పైకెత్తుతారు. ఈ ముక్క నానోసెకను అని ఊరుకోరు. అంతకాలంలో విద్యుత్తు పోగల గరిష్ఠ దూరం ఇదని కచ్చితంగా చెబుతారు. రాగితీగలో సంకేతం ఇంకాస్త నెమ్మదిస్తుంది, అయినా ఆమె మాట తప్పు కాదు. తర్వాత పోల్చుకోవడానికి ఇంకొకటి కావాలి కదా అంటూ 984 అడుగుల తీగచుట్టను బల్ల మీద పెడతారు. అది మైక్రోసెకను. ఒక మైక్రోసెకనును పారేస్తే ఎంత పారేస్తున్నారో తెలియడానికి ప్రతి ప్రోగ్రామర్ బల్ల మీదా ఇలాంటిదొకటి వేలాడదీయాలంటారు. సభ ఘొల్లుమంటుంది. చివరికి మిరియాల పొడి పొట్లం తీసి, ఇవి పికోసెకన్లు అంటారు. పికోసెకనులో వెలుతురు పోయేది 0.3 మిల్లీమీటరు, దంచిన మిరియపు రవ్వ ఇంచుమించు అంతే. మొదట చేతికి అందేది, తర్వాత చేత్తో ఎత్తడానికి బరువైనది, చివర చేతిలో నిలవనిది. ఆ వరస మారిస్తే పాఠం చెడుతుంది.

ఆ వస్తువులతో శ్రోతకు పని కూడా నేర్పేవారు. ఉపగ్రహం ద్వారా కబురు పంపితే ఎందుకింత ఆలస్యమని ఏ అడ్మిరలైనా అడిగితే, మీకూ ఉపగ్రహానికీ మధ్య ఇవి బోలెడన్ని ఉన్నాయని ఈ తీగ చూపించి చెప్పండనేవారు. లెక్క వేసి చూస్తే, భూస్థిర ఉపగ్రహం 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. అక్కడికి చేరడానికే దాదాపు 12 కోట్ల తీగముక్కలు పడతాయి. మన జేబులోని ఫోనుకూ అదే కొలత సరిపోతుంది. 3 గిగాహెర్ట్జ్ వేగంతో నడిచే చిప్ ఒక్కసారి టిక్కుమనే లోపు వెలుతురు పోయేది 10 సెంటీమీటర్లు. ఫోను పొడవు 15 సెంటీమీటర్లు ఉంటే, ఒక కొస నుంచి రెండో కొసకు సంకేతం ఒక టిక్కులో చేరలేదు. అందుకే చిప్ పక్కనే, వీలైతే దాని మీదే, మెమరీని పేరుస్తారు.

తెలుగువాళ్లకు ఆమె పని ఇంకో దారిన చేరింది. 1990ల చివర హైదరాబాద్ అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో కోబాల్ నేర్చుకుని, వైటూకే పనుల కోసం అమెరికా విమానం ఎక్కినవాళ్లు మన ఊళ్లలో ఎందరో ఉన్నారు. సంవత్సరాన్ని రెండంకెల్లో దాచిన పాత ప్రోగ్రాములను వెతికి సరిచేయడం వాళ్ల పని. రాసినవాళ్లు ఎవరో తెలియదు, చాలామంది రిటైరైపోయారు కూడా. అయినా కొత్తవాళ్లు వాటిని చదవగలిగారంటే, కోడు వాక్యంలా ఉండాలని హాపర్ పట్టిన పట్టు అందుకు ఒక ముఖ్య కారణం.

నౌకాదళంలో హాపర్ 1983లో కమొడోర్, 1985లో రియర్ అడ్మిరల్ అయ్యారు. 1986 ఆగస్టులో బోస్టన్ రేవులో యుద్ధనౌక కాన్‌స్టిట్యూషన్ మీద పదవీ విరమణ చేసేనాటికి ఆమెకు 79 ఏళ్లు. ఆ తర్వాత డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ సలహాదారుగా ఉపన్యాసాలు కొనసాగించి, 1992 జనవరి 1న కన్నుమూశారు.

1982లో అమెరికా జాతీయ భద్రతా సంస్థ ఉద్యోగులకు ఆమె ఇచ్చిన ఉపన్యాసం ఒకటి పాతకాలపు టేపులో చిక్కుకుపోయి, 2024లో అందరికీ అందుబాటులోకి వచ్చింది. ఆమె సభల్లో అడుగుతూ వచ్చిన ప్రశ్న ఒకటి అందులోనూ ఉంది: అన్ని సమాచారాల విలువా ఒకటేనా? ఒక రసాయన కర్మాగారం కంప్యూటరుకు ఒకేసారి రెండు కబుర్లు వచ్చాయనుకోండి. వాల్వు సంగతి వెంటనే చూడకపోతే ప్లాంటు పేలిపోతుందని ఒకటి. ఫలానా ఉద్యోగి రెండు గంటలు ఓవర్‌టైం చేశాడని ఇంకొకటి. ఏది ముందు? సమాచారానికి విలువ కట్టే పద్ధతి మన దగ్గర లేదని, దాని మీద పనిచేయమని శ్రోతలకే ఆ బాధ్యత అప్పగిస్తారు. ఫోను తెరమీద ఏ నోటిఫికేషన్ ముందు మోగాలో, ఏది తెల్లారేదాకా ఆగవచ్చో తేల్చలేక తలపట్టుకునే నేటి మొబైల్ ఇంజినీరు ముందున్నది ఆ ప్రశ్నే. బ్యాంకు మోసం హెచ్చరికకూ డిస్కౌంటు ప్రకటనకూ ఒకే మోత మోగుతున్నంతకాలం, ఆ సభలో హాపర్ అప్పజెప్పిన పని ఇంకా బాకీ ఉన్నట్టే.