తాడు అవతలి కొస

ఊరు మారినవాళ్లెవరైనా ముందు ఇల్లు చూసుకుంటారు. తర్వాత పాలవాడి కోసం, పనిమనిషి కోసం వాకబు చేస్తారు. పిల్లలుంటే బడి సంగతి. బండలెక్కే పిచ్చి ఉన్నవాళ్లకు ఈ జాబితాలో ఇంకో రెండు పద్దులు చేరతాయి: సాధన చేసుకోవడానికి ఒక గోడ, కింద తాడు పట్టడానికి ఒక మనిషి. గోడ సంగతి డబ్బు పెడితే తేలుతుంది. మనిషి సంగతి అంత తేలిగ్గా తేలదు.

బెంగళూరు నుంచి బదిలీ మీద వచ్చి బోయిగూడలో దిగాను. చుట్టూ టింబర్ డిపోలు. పొద్దున్నే కిటికీ తెరిస్తే రంపపు పొట్టు వాసన, దాని వెనకే కోత మిల్లు చప్పుడు. నాలుగడుగులు నడిస్తే సికింద్రాబాద్ స్టేషన్ పదో నంబరు ప్లాట్‌ఫాం వైపు గేటు. ఇల్లు చూపిస్తూ ఓనరుగారు, "స్టేషన్ పక్కన్నే, గాంధీ దవాఖాన దగ్గర్నే, ఇంకేం గావాలె సార్?" అన్నారు. నిజమే, బండలెక్కేవాడికి దవాఖాన దగ్గర్లో ఉండటం మంచిదే.

హైదరాబాద్ అనగానే రాయికి కరువుండదన్న ధీమాతో వచ్చాను. ఆ ధీమా వమ్ము కాలేదు. ఇక్కడి గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. పగుళ్లలోకి నీరు దిగి, మెత్తబడ్డ భాగమంతా కొట్టుకుపోగా, గట్టిగా ఉన్న రాయి ఉన్నచోటే గుండ్లుగా మిగిలింది. ఒకదాని మీద ఒకటి ఎవరో ఎత్తిపెట్టినట్టు కనిపించే గుండ్లన్నీ అలా తేలినవే. ఎక్కేవాడికి ఈ రాయి ఒక పాఠం చెబుతుంది. చేతికి అందే అంచులు తక్కువ, పాదానికి దొరికే గరుకు ఎక్కువ. భుజబలం మీద ఎక్కుదామనుకున్నవాడు సగంలో ఆగిపోతాడు. మడమ దించి, అరికాలి ముందు భాగం మీద బరువంతా వేసి నిలబడే ధైర్యం ఉన్నవాడు పైదాకా పోతాడు.

చిక్కల్లా దిక్కుతో వచ్చింది. తాళ్లు, బూట్లు పట్టుకుని జనం పోగయ్యే ఖాజాగూడ గుట్ట పడమట ఉంది. నాకు తెలిసిన బౌల్డరింగ్ జిమ్ములూ ఐటీ కంపెనీల పక్కనే, అటువైపే. సికింద్రాబాద్ ఈస్ట్‌లో మెట్రో ఎక్కితే రాయదుర్గం దాకా మారే పని లేకుండా పోవచ్చు కానీ, ఆఫీసు అయ్యాక ఆ చివరికి వెళ్లి, వేళ్లు వాచేదాకా వేలాడి, మళ్లీ ఈ చివరికి వచ్చేసరికి రాత్రి భోజనం కాస్తా ఫలహారమవుతుంది. అలాంటి సాధన ఉత్సాహం మీద కొన్నాళ్లు నడుస్తుంది, అలవాటుగా మాత్రం నిలవదు.

అందుకని తూర్పు వైపు తిరిగాను. కాజీపేట లైన్లో సికింద్రాబాద్ నుంచి గంట ప్రయాణం భువనగిరి. ఊరి నడుమ కోడిగుడ్డు బోర్లించినట్టు ఏకశిల, దాదాపు 500 అడుగుల ఎత్తు. దాని నెత్తిన చాళుక్య త్రిభువనమల్ల విక్రమాదిత్యుడి పేరుతో ముడిపడిన కోట. రైలు దిగకముందే బండ కనిపిస్తుంది. తెలుగునాట పర్వతారోహణ గురించి మాట్లాడేవాళ్లు ఈ బండను దాటి పోలేరు. 2007లో ఎవరెస్ట్ ఎక్కిన బచినేపల్లి శేఖర్‌బాబు ఇక్కడే రాక్ క్లైంబింగ్ స్కూలు నడిపారు. నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా కుర్రాడు ఆనంద్‌కుమార్, ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు, మొదటిసారి తాడు కట్టుకున్నది ఈ రాతి మీదే. తర్వాత డార్జిలింగ్, ఆ తర్వాత లద్దాఖ్ చలి. 2014 మే 25న టిబెట్ వైపు నుంచి ఇద్దరూ ఎవరెస్ట్ శిఖరం మీద నిలబడ్డారు. పూర్ణకు అప్పటికి పద్నాలుగో ఏడు నిండలేదు. ఆమె వయసు గురించి అందరూ రాశారు. నాకు మాత్రం ఆ ఇద్దరూ జంటగా శిక్షణ పొందడమే పెద్ద విషయంగా తోస్తుంది. గురుకులంలో చేరిన పిల్లలకు తాడు అవతలి కొస పట్టుకునే చేయి వెతక్కుండానే దొరికింది. పెద్దయ్యాక, ఉద్యోగాల కోసం ఊళ్లు మారేవాళ్లకు ఆ సౌకర్యం లేదు.

మరి ఎలా వెతకాలి? కొత్త గుంపులో చేరినవాళ్లు సాధారణంగా ముందు తమ గ్రేడు చెప్పుకుంటారు. ఫలానా చోట ఫలానా లైను ఎక్కానని, ఫలానా కష్టం దాకా పోగలనని. వినేవాళ్లు తలూపుతారు, అంతటితో సరి. దానికి బదులు "మీరు ఎక్కండన్నా, నేను పడతా" అని చూడండి. ఎండలో మెడ పైకెత్తి, ఒకరి తర్వాత ఒకరికి ఓపిగ్గా తాడు వదులుతూ, బిగిస్తూ నిలబడ్డ మనిషిని ఏ గుంపూ మరిచిపోదు. మరుసటి వారం ఫోన్ వాళ్ల దగ్గర్నుంచే వస్తుంది.

బండలెక్కేవాళ్లున్న చోటే వెతకాలన్న నియమం కూడా లేదు. 1996లో మొదలైన సొసైటీ టు సేవ్ రాక్స్ వాళ్లు రాళ్లను కాపాడటానికి పోరాడుతూనే, నెలనెలా రాళ్ల మధ్య నడకలు పెడుతుంటారు. వచ్చేవాళ్లలో ఎక్కువమంది చూడటానికి వచ్చేవాళ్లే. ఆ గుంపులోనూ ఒకరిద్దరు ఏదో ఒక గుండు దగ్గర ఆగిపోయి, చేత్తో తడిమి, కాలు పెట్టి చూసి, ఎవరూ చూడటం లేదనుకుని నాలుగడుగులు ఎక్కి దిగుతారు. నా పార్ట్‌నర్‌ని అలాగే పట్టుకున్నాను. రైల్వేలో షిఫ్టు ఉద్యోగం. వారపు సెలవు ఏ మంగళవారమో వస్తుంది. నేనూ ఆఫీసులో సెలవును ఆ రోజుకు మార్చుకున్నాను. ఆదివారం జనసందోహం తప్పింది, బండ మా ఇద్దరికే మిగిలింది.

ఎక్కడంలో అతను నాకన్నా ఒక మెట్టు కిందే. అది పెద్ద లెక్కలోకి రాదు. లెక్కలోకి వచ్చేవి వేరే ఉన్నాయి. మొదటిది బరువు. పైనున్నవాడు బాగా బరువై, కిందివాడు తేలికైతే, పడ్డప్పుడు పైవాడు దిగుతాడు, కిందివాడు గాల్లోకి లేస్తాడు. దానికి నేలకు లంగరు వేసుకోవడం లాంటి ఉపాయాలున్నా, సరిజోడైతే ఆ తంటా ఉండదు. రెండోది చూపు. తాడు చేతిలో ఉండగా ఫోన్ వైపు కన్ను పోయే మనిషి ఎంత మంచివాడైనా పనికిరాడు. మూడోది అన్నిటికన్నా అరుదు: "ఇవాళ వద్దు, దిగిపోదాం" అనగలగడం. బండ తడిగా ఉన్నా, ఎదుటివాడి మనసు ఎక్కడో ఉన్నా ఆ మాట అనాలి. రైలు టికెట్ డబ్బులు పోయినా అనాలి.

ఎక్కే ముందు బండ కింద ఎదురెదురుగా నిలబడతాం. అతను నా నడుం పట్టీ లాగి, బకిల్ దగ్గర కొస లోపలికి దూరిందో లేదో వేలు పెట్టి చూస్తాడు. ఎనిమిది ముడిలో జంటగా తిరగాల్సిన పేటలు ఒక్కో వంపు దగ్గర జంటగానే ఉన్నాయా అని వేలితో అనుసరిస్తాడు. తోక జానెడైనా మిగిలిందా చూస్తాడు. నేను అతని బిలే పరికరంలోకి, అంటే కిందివాడు తాడును పట్టి ఆపే సాధనంలోకి, తాడు సరైన వైపు నుంచి ఎక్కిందా చూసి, కారాబైనర్ తాళం బిగిసిందో లేదో గట్టిగా నొక్కుతాను. కింది చివర ముడి వేసి ఉందా అని ఇద్దరం చూస్తాం. "ఆన్ బిలే?" "బిలే ఆన్." "క్లైంబింగ్." "ఎక్కు." ఈ నాలుగు మాటలూ పూర్తయ్యాకే కాలు నేలను వదులుతుంది. మధ్యలో ఎవరైనా పలకరిస్తే మళ్లీ మొదటి నుంచి. నిన్నటిదాకా ముక్కూ మొహం తెలియని ఇద్దరి మధ్య నమ్మకం కుదిరేది ఇలాగే. మంచితనం మీద భారం వేయకుండా, ప్రతిసారీ ఒకరి ముడి ఒకరు అనుమానించడం వల్ల.

భువనగిరి దారిలో తాటిచెట్లెక్కే గౌడన్నలు కనిపిస్తారు. నడుముకూ చెట్టుకూ కలిపి మోకు, ముత్తాదు, కాళ్లకు గుజి. కండబలం, ఒడుపు చూస్తే మాలో ఎవరం వాళ్ల ముందు నిలవలేం. కానీ ఆ తాడు అవతలి కొస మళ్లీ వాళ్ల నడుముకే వస్తుంది. మోకు జారిందంటే పట్టుకునేవాళ్లు లేరు. గీత వృత్తి ఉన్న ఏ ఊళ్లో అడిగినా చెట్టు మీంచి పడి నడుం విరిగినవాళ్ల పేర్లు చెబుతారు. 2024 జులైలో రాష్ట్ర ప్రభుత్వం వాళ్లు కొలిచే కాటమయ్య పేరిట వాళ్లకు రక్షణ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. బండలెక్కేవాళ్లు సరదాకు వాడే తరహా పట్టీలు, క్లిప్పులు, తాళ్లు పొట్ట కోసం ఎక్కేవాళ్లకు అందడానికి ఇంతకాలం పట్టింది.

ఇక గోడ. మంగళవారం బండెక్కినా, మిగతా వారమంతా వేళ్లకు పని ఉండాలి. ఇంటి చుట్టూ ఇన్ని డిపోలు పెట్టుకుని గోడ కోసం ఊరి అవతలికి ఎందుకు పోవాలి? ఒక సాయంత్రం వీధి చివరి డిపోకి వెళ్లి 18 ఎం.ఎం. ప్లైవుడ్ చూపించమన్నాను. డిపో అతను ఎనిమిది బై నాలుగు షీటు ఒకటి గోడకు ఆనించి, వేలి కణుపులతో అక్కడక్కడా తట్టాడు. చప్పుడు ఒక్కచోట డొల్లగా వినిపిస్తే పక్కకు తోసి ఇంకోటి తీశాడు. అంచు నా వైపు తిప్పి పొరలు చూపించాడు, ఎక్కడా సందు లేదు.

"మంచానికా సార్, వార్డ్‌రోబ్‌కా?"

"ఎక్కడానికి."

"మంచమే ఎక్కుతరు కద సార్."

విషయం చెప్పాక నవ్వి, ఫ్రేముకు ఏ దుంగలైతే వంగవో తనే ఎంచిపెట్టాడు. షీటుకు వరసగా బెజ్జాలు వేసి, వెనక నుంచి టీ-నట్లు దిగ్గొట్టాలి. ముందు నుంచి బోల్టుతో హోల్డులు బిగించాలి. నట్లు, బోల్టులు రాణిగంజ్‌లో దొరికాయి. హోల్డులు మాత్రం డిపోలో మిగిలిన టేకు ముక్కలే. అంచులు గుండ్రంగా తీసి, గరుకు కాగితంతో రుద్దితే చాలు. జిమ్ముల్లో ఉండే రెజిన్ హోల్డులు చర్మాన్ని ఒలుస్తాయి, చెక్క అంత పని చేయదు. గోడను నలభై డిగ్రీలు ముందుకు వంచి డాబా మీద నిలబెట్టాం. ఇంటి గోడలకు ఒక్క మేకు కొట్టలేదు కాబట్టి ఓనరుగారు ఒప్పుకున్నారు.

ఇలాంటి గోడలకు గొప్ప వంశవృక్షమే ఉంది. 1964లో ఇంగ్లండ్‌లోని లీడ్స్ యూనివర్సిటీలో డాన్ రాబిన్సన్ అనే వ్యాయామ అధ్యాపకుడు ఒక నడవా గోడలో రాళ్లు పొదిగించాడు. బయట వాన, లోపల సాధన. ఆ గోడ మీద పెరిగిన కుర్రాళ్లు బ్రిటన్ క్లైంబింగ్ స్థాయినే మార్చేశారు. 1988లో న్యూరెంబర్గ్‌లో వుల్ఫ్‌గాంగ్ గుల్లిచ్ వంచిన చెక్కకు సన్నని పట్టీలు కొట్టి, కాళ్లు వాడకుండా వేళ్లతోనే ఎక్కే సాధన కనిపెట్టాడు. 1991లో అతను ఎక్కిన "యాక్షన్ డైరెక్ట్" అప్పటికి ప్రపంచంలోకెల్లా కష్టమైన లైను. టోక్యో ఒలింపిక్స్‌తో క్లైంబింగ్ పతకాల ఆట కూడా అయింది. వీటన్నిటికీ మూలం కాస్త చెక్క, కాస్త రాయి, ఇంకాస్త మొండితనం.

డాబా మీది గోడ నా వేళ్లకు బలమిచ్చింది. కానీ దాని వల్ల నాకు కొత్తగా ఒక్క మనిషీ పరిచయం కాలేదు. బెంగళూరును తలుచుకునేది అక్కడే. కంఠీరవ స్టేడియంలో అందరికీ అందుబాటులో ఒక గోడ ఉంది. సాయంత్రం అక్కడికి వెళితే కాలేజీ పిల్లలు, ఇంజనీర్లు, జాతీయ పోటీలకు తయారయ్యేవాళ్లు ఒకే తాడు కోసం వరుసలో ఉంటారు. ఊరికి కొత్తగా వచ్చినవాడు ఎవరినీ వెతకనక్కర్లేదు. వరుసలో ముందు నిలబడ్డవాడికి తాడు పడితే చాలు. లీడ్స్‌లోనూ జరిగింది అదే. రాళ్లు పొదిగినది ఏ వ్యాయామశాల మూలనో అయి ఉంటే అంత ఫలితం ఉండేది కాదేమో. నలుగురు నడిచే నడవాలో ఉంది కాబట్టి నలుగురూ ఆగారు.

సాధన గోడ అసలు ప్రయోజనం కండలు పెంచడమేనని చాలాకాలం అనుకున్నాం. ఊరు మారినవాళ్లను అడిగితే దాని పెద్ద ప్రయోజనం మనుషుల్ని ఒకచోట చేర్చడమని చెబుతారు. ఆ లెక్కన సికింద్రాబాద్ వైపు లోటు కనిపిస్తూనే ఉంది. మున్సిపల్ గ్రౌండ్లలో క్రికెట్ నెట్లున్నాయి, షటిల్ కోర్టులున్నాయి. ఎక్కడానికి ఒక గోడ లేదు. ఎవరెస్ట్ దాకా పిల్లల్ని పంపిన రాష్ట్రంలో ఇది గొంతెమ్మ కోరికేమీ కాదు. ఏదో ఒక ఆటస్థలంలో నలుగురి కంటా పడే చోటు, పైన రేకుల కప్పు, కింద మందపాటి పరుపు, నెలకు కుర్రాళ్లు కట్టగలిగిన రుసుము, తాడు పట్టడం నేర్పే ఒక కోచ్ ఉంటే మొదలుపెట్టొచ్చు. చెక్క ఎక్కడ తేవాలని అడిగితే మాత్రం మా వీధి చివరి డిపోకి పంపుతాను. షీటు తట్టి చూడటం అతనికి బాగా తెలుసు. ఈసారి మంచానికా అని అడగడు కూడా.