మిడిల్ పల్లె చరిత్రము: ఒక విమర్శ

రాజుల జయాపజయములే చరిత్రమని తలంచువారు నేటికిని పెక్కురు గలరు. ఇంగ్లండులో ష్రాప్‌షైరు మండలమునందలి మిడిల్ అను పల్లెను గూర్చి రిచ్చర్డు గఫ్ (1635–1723) అను రైతు 1700, 1701 సంవత్సరములలో వ్రాసిన గ్రంథము వారికి తగిన సమాధానము. గ్రంథకర్త గతించిన నూఱేండ్లకు పైబడి, 1834లో గాని యది అచ్చుపడలేదు. ఇంగ్లండున పల్లెచరిత్రములు వ్రాయువారి కది యొజ్జబంతి యైనందున, దాని గుణమును దోషమును గూడ విచారింపవలసియున్నది.

గఫ్ చర్చిలోని యాసనముల పటమును ముందుంచుకొని, ఏ యాసన మే యింటిదో చెప్పి, ఆ యింటివారి వృత్తాంతమును తరతరములుగా నడపెను. ఇందు ముఖస్తుతి లేదు. ఇంట నెమ్మది లేక తిండికే పానశాలకు పోయి కడకు ఆస్తి నంతయు గోల్పోయినవాడును, చెమటోడ్చి గడించినది పానశాలలోనే యొలుకబోసినవాడును మనకు కన్నులగట్టినట్లు కానవత్తురు.

1642లో రాజునకును పార్లమెంటునకును యుద్ధము పొడమగా, మిడిల్ గుట్టపై జనులను కూర్చి, రాజు పక్షమున సైన్యమున జేరువారికి వారమునకు 14 గ్రోటులు, అనగా 56 పెన్నీలు, జీతమిత్తుమని చాటిరి. బాలుడైన గఫ్ ఆ వేడుక చూడబోయెను. మిడిల్, మార్టన్, న్యూటన్ అను మూడూళ్ళనుండి పోయిన 20 మందిలో 13 మంది మడిసిరి. వారెవ్వరో అతడు చెప్పి, మూడూళ్ళలోనే యిందఱు పోయినచో దేశమున నెన్ని వేలమంది పోయియుందురో యని తలపోసెను. యుద్ధమనగా నేమో తెలుపుట కీ లెక్క యొక్కటి చాలును.

ఇక దోషము. ఆసనముల వరుస యనగా భూముల వరుస. పెద్ద కమతములవారు ముందు, గుడిసెలవారు వెనుక. చర్చి పన్ను చెల్లింపనివారు మేలైన యాసనములలో గూర్చుండుట గఫ్‌నకు సరిపడలేదు. సొంత యాసనము లేని పాలేరును పనికత్తెయు ఇతరుల కథలలో తటాలున తోచి మాయమగుదురు. నిరుపేదలను పోషించు భార మే యూరిపై బడవలెనను వ్యాజ్యములను అతడు శ్రద్ధతో వ్రాసెను గాని, అందు పేదవాడు పన్ను కట్టువారికి బరువుగనే కనబడును. సత్యము పలుకుటకు వెఱవని యీ కలము, తాను కూర్చున్న పీటను మాత్రము ప్రశ్నింపలేదు.

ఈ కొఱత తీరనిది కాదు. 1538 నాటి యాజ్ఞచే ఇంగ్లండు చర్చిలలో జ్ఞానస్నానములును, వివాహములును, ఖననములును పుస్తకములకెక్కుచు వచ్చెను. డేవిడ్ హే అను చరిత్రకారుడు అట్టి పుస్తకములను, మరణశాసనములను శోధించి 1974లో మిడిల్‌ను గూర్చి గ్రంథమును వెలువరించెను. ఆసనము లేనివాడును పుట్టెను, పెండ్లాడెను, గిట్టెను. ఆ పుస్తకములలో వానికిని ఒక పంక్తి కలదు.

పల్లెచరిత్రము వ్రాయబూనువాడు గఫ్‌నుండి నిర్భయమును గ్రహించుగాక; వరుసను మాత్రము గ్రహింపకుండుగాక. ఊరిలో నెవ్వరికి పీట లేదని మొదట అడిగినవాడే ఊరి చరిత్రమును పూర్తిగా వ్రాయగలడు.