వెనుకకు మరలుటకు హామీ యేది?

డిస్కు, నెట్‌వర్క్ కార్డు మొదలగు పరికరములు ప్రాసెసరు ప్రమేయము లేకయే కంప్యూటరు మెమరీలో తిన్నగా వ్రాయగలవు. ఇందువలన వేగము కలదు, ప్రమాదమును కలదు. ఏ పరికరము మెమరీలో ఏ భాగమును తాకవచ్చునో చూచు కాపలా యంత్రాంగమునకు ఐ.ఓ.ఎం.ఎం.యు. అని పేరు. అది చూచు అనుమతుల పట్టికయే డొమైన్.

ఒకే కంప్యూటరులో వేరొక కంప్యూటరువలె నడచు వర్చువల్ మెషీన్‌కు పరికరమును అప్పగించునప్పుడు ఈ పట్టికను మార్చవలెను. ఒకదానినుండి మరొకదానిని వేరుపరుప వీలులేని పరికరములను గుంపుగా నెంచి, అన్నిటిని కలిపి మార్చవలెను. మూడింటిలో మొదటిది మారి, రెండవది విఫలమైనచో నేమి గతి?

1991లో లినస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన లినక్స్ కెర్నెల్‌లో 2023కు పూర్వము ఈ ప్రశ్నకు ఒకే సమాధానము లేకుండెను. కొన్ని సందర్భములలో మొదటి పరికరము క్రొత్త పట్టికలోనే నిలిచిపోయెడిది. లెక్కలో మాత్రము గుంపంతయు పాతపట్టికలోనే యుండెడిది. తరువాత క్రొత్త పట్టికను తొలగించి, అది యున్న మెమరీని వేరొక పనికిచ్చినచో, కాపలా యంత్రాంగము అచటి సంబంధములేని అంకెలనే అనుమతులుగా చదువవచ్చును. కాపలా లేకపోవుటకన్న ఇది ఘోరము. ఉన్నదను భ్రమ కలదు గనుక.

2023లో వెలువడిన 6.5వ కూర్పునకై ఈ భాగమును తిరిగి వ్రాసిరి. ఇప్పుడు మారిన పరికరములను పాతపట్టికకు మరల్చుదురు. ఒకటి మొరాయించినను తక్కినవాటిని విడువరు. మొరాయించినదానిని, వీలున్నచో, దేనిని తాకనీయని నిరోధక పట్టికకు చేర్చుదురు. ఈ క్రమము మెచ్చదగినది.

అయినను ఒక లోపము చెప్పక తప్పదు. లోగడ అంగీకరించిన పట్టికను మరల తిరస్కరింపరాదనునది, పరికరమును నడపు డ్రైవరు ప్రోగ్రాము పాటింపవలసిన మర్యాద మాత్రమే. అది తప్పినచో కెర్నెల్ హెచ్చరించి యూరకుండును. మర్యాద హామీ కాజాలదు. నిరోధక పట్టిక ముందే సిద్ధమై, దానిని చేరుటకు క్రొత్తగా మెమరీ అక్కరలేకున్ననే హామీ యగును. మెమరీ చాలక చెడిన పనిని సరిదిద్దుటకు మరల మెమరీయే కావలసినచో, ఆ దిద్దుబాటును నమ్ముటెట్లు? నూతిలో దిగువాడు త్రాటిని గట్టుననే కట్టుకొనును. అడుగు చేరిన పిదప పేనుకొనడు.

ప్రోగ్రాము సరిగా ముగిసినదా యని మాత్రమేగాక, నడుమ చెడినచో ఏ స్థితిలో నిలుచునని కూడ ఉపాధ్యాయులు విద్యార్థుల నడుగవలెను.